కిడ్నీ మార్పిడి అయ్యాక ఏళ్ళ తరబడి ఏం చూసుకోవాలి, ఎలా చూసుకోవాలి

మార్పిడి అయిన మొదటి ఏడాది ఎవరికీ జాగ్రత్తలు చెప్పక్కర్లేదు, భయమే అన్నీ చేయిస్తుంది. అలారం మోగకముందే మందుల డబ్బా చేతిలో ఉంటుంది, ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అసలు గండం మూడో ఏడాదో నాలుగో ఏడాదో మొదలవుతుంది. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తంలో చూపే అంకె, పెరిగితే కిడ్నీ పని తగ్గినట్టు) కదలకుండా ఒకచోటే ఉంటుంది, మనం ఉద్యోగంలో పడిపోతాం, డయాలసిస్ రోజులు ఎవరికో జరిగినట్టు అనిపిస్తాయి, ఒక నెల టెస్టు వాయిదా వేస్తాం, ఏమీ అవ్వదు, ఇంకో నెల కూడా వేస్తాం.

నాకు మార్పిడి అయి 9 ఏళ్ళు. ఇన్నేళ్ళలో కొత్త కిడ్నీకి వచ్చిన ఒక్క ఇబ్బంది కూడా నాకు నొప్పితో తెలియలేదు, అన్నీ ముందు రిపోర్టు కాగితం మీద అంకెలుగానే కనిపించాయి. దీనికి కారణం ఉంది. దాత నుంచి తీసేటప్పుడు ఆ కిడ్నీకి ఉన్న నరాలు తెగిపోతాయి, మనకు పెట్టేటప్పుడు రక్తనాళాలు, మూత్రనాళం కలుపుతారు గానీ నరాలు కలపరు. కాబట్టి మూత్రనాళం సన్నబడి కిడ్నీ ఉబ్బిపోయినా మామూలు కిడ్నీకి వచ్చే నొప్పి రాకపోవచ్చు. "నాకేం బాధ లేదు కదా" అన్న మాటకు ఇక్కడ విలువ లేదు. ఇక్కడ రాసేది ఆ అంకెల్ని ఎలా పట్టుకోవాలో, ఏది కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో. మందులు పెంచడం, తగ్గించడం మాత్రం మీ నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టర్, చేతిలో పని, ఇది చదివి ఒక్క మాత్ర కూడా మార్చొద్దు.

ముందు మీ అంకె ఏదో తెలుసుకోండి

క్రియాటినిన్ ఒకరికి 0.9 దగ్గర నిలబడుతుంది, ఇంకొకరికి 1.6 దగ్గర. దాత వయసు, మీ ఒంట్లో కండ, ఆపరేషన్ ఎలా జరిగింది, ఇవన్నీ కలిసి మీ అంకెను తేలుస్తాయి. పక్కవాళ్ళ అంకె చూసి కుంగిపోవడం, లేదా మురిసిపోవడం, రెండూ దండగే. మొదటి కొన్ని నెలలు గడిచాక అది ఒకచోట స్థిరపడుతుంది, దాన్ని మీ బేస్‌లైన్ అంటారు. డాక్టర్‌ని నేరుగా అడగండి, "నా బేస్‌లైన్ ఎంత అనుకుంటున్నారు?" అని. ఆయన చెప్పిన అంకె మీకు ఫోన్ నంబరు గుర్తున్నట్టు గుర్తుండాలి.

ఎందుకంటే ల్యాబ్ రిపోర్టు మిమ్మల్ని మోసం చేస్తుంది. ఉదాహరణకి మీ బేస్‌లైన్ 0.9, ఈసారి 1.15 వచ్చింది. రిపోర్టులో "నార్మల్" అనే ఉంటుంది, ముద్దక్షరాలు ఉండవు, ఎర్ర గుర్తు ఉండదు. కానీ మీ లెక్కలో అది పాతిక శాతానికి మించి పెరిగింది. పాతిక శాతం పెరిగితే ఆరోజే డాక్టర్‌కి చెప్పాలి, వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా దాచుకునే వార్త కాదది. అలాగని 1.2 ఉన్నది 1.25 అయిందని రాత్రంతా కూర్చోనక్కర్లేదు. సరిగ్గా నీళ్ళు తాగకపోయినా, విరేచనాలు పట్టుకున్నా, ముందురోజు మాంసం బాగా తిన్నా అంత తేడా వస్తుంది. ల్యాబ్ మారితే కూడా వస్తుంది, అందుకే వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించండి.

ఒక నోటుబుక్ పెట్టండి. ఫోన్‌లో యాప్‌లు ఉన్నాయి, ఉండనివ్వండి, నేను మాత్రం రూళ్ళ పుస్తకాన్నే నమ్ముకున్నాను. కుడి పేజీలో తేదీ, క్రియాటినిన్, టాక్ లెవెల్ (రక్తంలో టాక్రోలిమస్ మందు ఎంత ఉందో), పొటాషియం, హిమోగ్లోబిన్, షుగర్, మూత్రంలో ప్రొటీన్, ఆ వారం బీపీ, బరువు. ఎడమ పేజీ ఖాళీగా వదిలేస్తాను, అందులో ఆ మధ్య జరిగినవి రాస్తాను: "మూడు రోజులు విరేచనాలు", "పంటికి యాంటీబయాటిక్, 5 రోజులు", "మాత్ర కంపెనీ మారింది". డాక్టర్‌కి కుడి పేజీ కంటే ఎడమ పేజీయే ఎక్కువ ఉపయోగపడింది. ఒకసారి క్రియాటినిన్ ఎందుకు పెరిగిందో తేలక బయాప్సీ (సూదితో కిడ్నీ ముక్క తీసి పరీక్షించడం) చేద్దామా అని మాట్లాడుకుంటుంటే, ఎడమ పేజీలో "నడుం నొప్పికి మాత్రలు, 4" అని నా చేతిరాతే కనిపించింది.

క్రియాటినిన్ ఒక్కటే చూసుకుంటే చాలదు, అది ఆలస్యంగా చెప్పే అంకె. కిడ్నీలో కొంత భాగం దెబ్బతిన్నా మిగతా భాగం ఎక్కువ పని చేసి లెక్క సరిపెడుతుంది, అది కూడా అలిసిపోయాకే క్రియాటినిన్ కదులుతుంది. మూత్రంలో ప్రొటీన్ పోవడం చాలాసార్లు అంతకంటే ముందే మొదలవుతుంది. మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి అని ఒక టెస్టు ఉంటుంది, ఒక్క సీసా మూత్రంతో అయిపోతుంది. దాన్ని వదిలేసేవాళ్ళే ఎక్కువ. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఏడాదికి కనీసం ఒక్కసారి అది పడాలి. నురగ నురగగా మూత్రం వచ్చి ఆ నురగ చాలాసేపు పోకపోతే ఏడాది ఆగొద్దు.

ఎన్నాళ్ళకోసారి వెళ్ళాలి

మీ ఆసుపత్రి పద్ధతే మీకు ప్రమాణం. లోకం మొత్తం మీద ఎక్కువగా పాటించే లెక్క సుమారుగా ఇలా ఉంటుంది: డిశ్చార్జ్ అయ్యాక మొదటి నెలంతా వారానికి రెండు మూడుసార్లు, రెండో నెల, మూడో నెల వారానికోసారి, ఆరో నెల దాకా రెండు వారాలకోసారి, ఏడాది నిండేదాకా నెలకోసారి, ఆ తర్వాత జీవితాంతం రెండు మూడు నెలలకోసారి. జీవితాంతం అన్న మాట మీద ఒకసారి ఆగండి. పదేళ్ళు బాగున్న కిడ్నీకి పదకొండో ఏట కూడా అదే లెక్క.

టాక్ లెవెల్ తీయించే రోజు

మనలో ఎక్కువమంది వాడేది మూడు మందులు: టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, ప్రెడ్నిసోలోన్. మన ఒంటి కాపలా దళం ఈ కిడ్నీని పరాయిదిగానే చూస్తుంది, ఎన్నేళ్ళయినా మర్చిపోదు, ఈ మందులు దాన్ని జోకొట్టి ఉంచుతాయి. టాక్రోలిమస్‌తో చిక్కు ఏమిటంటే, తక్కువైతే రిజెక్షన్, అంటే ఒళ్ళు కొత్త కిడ్నీ మీద దాడి చేయడం, ఎక్కువైతే ఆ మందే కిడ్నీని దెబ్బ తీస్తుంది. మధ్యలో ఉన్న సందు సన్నం. అందుకే రక్తంలో ఎంత ఉందో కొలుస్తారు.

కొలిచేది మందు వేసుకోబోయే ముందు, అంటే రక్తంలో అది అట్టడుగున ఉన్నప్పుడు. రోజుకు రెండుసార్లు వేసుకునేవాళ్ళు రాత్రి 8కి వేసుకుంటే ఉదయం 8కి, మాత్ర వేసుకోకుండా, రక్తం ఇవ్వాలి. రోజుకు ఒక్కసారి వేసుకునే రకానికి 24 గంటల తర్వాత. చదవడానికి ఇంత సులువైన విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను. ఐదో ఏడు, ఉదయం అలవాటుగా 7కి మాత్ర మింగేశాను. లిఫ్ట్ దిగుతుంటే గుర్తొచ్చింది, ఈరోజు టెస్టు కదా అని. పోనీలే, ఎంత తేడా వస్తుంది అనుకుని 9కి రక్తం ఇచ్చేశాను. రక్తం తీసిన అబ్బాయి "మాత్ర వేసుకున్నారా?" అని అడగలేదు, నేనూ చెప్పలేదు. ఎప్పుడూ 6 దగ్గర ఉండే లెవెల్ 17 అని వచ్చింది. రిపోర్టు పంపితే డోసు తగ్గించమన్నారు, తగ్గించాను. పది రోజుల తర్వాత సరిగ్గా తీయిస్తే 3.8, క్రియాటినిన్ 1.2 నుంచి 1.5. మళ్ళీ డోసు పెంచి, వారానికి రెండు టెస్టులు చేస్తూ దాన్ని దారిలోకి తేవడానికి నెల పట్టింది. ఇప్పుడు టెస్టు ముందు రాత్రి మందుల డబ్బా మూతకి ఒక రబ్బరు బ్యాండు చుట్టి పడుకుంటాను. ఉదయం డోసు చొక్కా జేబులో వేసుకుని ల్యాబ్‌కి వెళ్తాను, దూది చేతికి నొక్కుకుని అక్కడే కుర్చీలో కూర్చుని మింగుతాను. ఒకవేళ మీరు పొరపాటున మింగేస్తే ఆరోజు రక్తం ఇవ్వొద్దు, మర్నాడు ఇవ్వండి. తప్పు టైములో తీసిన లెవెల్ అసలు తీయని దానికంటే చేటు.

ఇంకో రెండు మూడు సంగతులు. మాత్రను పరగడుపున వేసుకుంటే ఎప్పుడూ పరగడుపునే, తిన్నాక అయితే ఎప్పుడూ తిన్నాకే, రోజుకో రకంగా వద్దు, ఎందుకంటే తిండితో అది ఒంటికి పట్టే మోతాదు మారుతుంది. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ రెండూ మానేయండి, లెవెల్‌ని పైకి లాగుతాయి. మందుల షాపులో "అదే మందు, వేరే కంపెనీ" అని ఇస్తే తీసుకునేముందు డాక్టర్‌ని అడగండి. మార్చడం తప్పనిసరైతే మార్చిన వారం పది రోజుల్లో లెవెల్ చూపించుకోవాలి. రోజుకొకటి వేసుకునే రకం, రెండుపూటలా వేసుకునే రకం పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి, అవి ఒకదానికొకటి బదులు కావు. ఒక డోసు మర్చిపోతే తర్వాతిది రెట్టింపు చేయొద్దు. ఎన్ని గంటలు దాటితే వదిలేయాలో ముందే అడిగి నోటుబుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి, మర్చిపోయిన రోజు ఆ టెన్షన్‌లో ఎవరికీ ఏదీ తోచదు. విరేచనాలు పట్టుకుంటే మందు బయటికి పోతోందనుకుంటాం గానీ, టాక్రోలిమస్ విషయంలో తరచుగా జరిగేది దానికి తిరగబడి: లెవెల్ పెరుగుతుంది, దానికి తోడు ఒంట్లో నీరు తగ్గుతుంది, రెండూ కలిసి కిడ్నీ మీద పడతాయి. రెండో రోజుకి కూడా తగ్గకపోతే ఫోన్ చేయండి.

ఇంకో డాక్టర్ రాసిన మందు

నా లెక్కలో ఎక్కువ ప్రమాదం ఇక్కడే. జలుబుకో పంటికో చర్మానికో వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తాం, ఆయన తన పని తాను సరిగ్గానే చేస్తాడు, కానీ రాసిన మందు టాక్రోలిమస్‌తో కలిస్తే ఏమవుతుందో ఆయనకు గుర్తుండకపోవచ్చు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఫంగస్‌కి ఇచ్చే ఫ్లూకొనజోల్, బీపీకి వాడే డిల్టియాజెమ్, వెరాపమిల్ లెవెల్‌ని పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ దాన్ని పాతాళానికి దించేస్తాయి. నొప్పి మాత్రలు, అంటే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి, లెవెల్‌ని ముట్టుకోకుండా నేరుగా కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి. నా ఎడమ పేజీలో దొరికిన నడుం నొప్పి మాత్రలు ఆ బాపతే. జ్వరానికి, నొప్పికి పారాసెటమాల్ చాలు, అది కూడా జ్వరం ఎందుకొచ్చిందో చెప్పించుకుంటూనే. గ్యాస్‌కి వాడే యాంటాసిడ్లు మైకోఫెనొలేట్‌ని ఒంటికి పట్టనివ్వవు, రెండింటి మధ్య ఎడం ఉండాలి. గౌట్ వచ్చినవాళ్ళు మరీ జాగ్రత్త: అజాథయోప్రిన్ (రిజెక్షన్ ఆపే ఇంకో మందు) వాడేవాళ్ళకి గౌట్ మందులు అలోప్యూరినాల్ గానీ ఫెబుక్సోస్టాట్ గానీ కలిస్తే తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. మూలికల మందులు, పసర్లు, "ఇమ్యూనిటీ పెంచే" పొడులు అసలే వద్దు. మనం డబ్బులు పెట్టి ఆ ఇమ్యూనిటీని తగ్గించుకుంటుంటే దాన్ని పెంచే పొడి తాగడం ఏమిటో ఇచ్చేవాళ్ళు ఆలోచించరు, మనమైనా ఆలోచించాలి.

జేబులో ఒక చీటీ పెట్టుకోండి: మార్పిడి జరిగిన తేదీ, వాడే మందులు, డోసులు, నెఫ్రాలజిస్టు ఫోన్. ఏ డాక్టర్ గదిలోకి వెళ్ళినా కూర్చునేముందే దాన్ని బల్ల మీద పెట్టండి. స్కాన్‌లో రంగు మందు ఎక్కిస్తామన్నా ముందు ఈ చీటీయే చూపించాలి.

రిజెక్షన్

పాత పుస్తకాల్లో జ్వరం, కిడ్నీ మీద నొప్పి, మూత్రం తగ్గడం అని ఉంటుంది. ఇప్పటి మందులు వాడేవాళ్ళకి చాలాసార్లు ఇవేవీ ఉండవు, క్రియాటినిన్ పెరగడం ఒక్కటే గుర్తు. తొందరగా వచ్చే రిజెక్షన్‌ని తొందరగా పట్టుకుంటే ఎక్కువ శాతం మందులతో లొంగుతుంది. నెమ్మదిగా వచ్చేది మొండిది. దాత కిడ్నీ మీద మన ఒంట్లో యాంటీబాడీలు తయారై ఏళ్ళ తరబడి చిన్న రక్తనాళాల్ని కొరుకుతూ పోతాయి, దానికి ఇప్పటికీ గట్టి మందు లేదు. ఆ యాంటీబాడీలు పుట్టడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి డోసులు ఎగ్గొట్టడం. ఒకరోజు ఎగ్గొడితే మర్నాడు ఏమీ కనిపించదు, అదే దీనిలోని మాయ. మందులు కొనడం కష్టమైతే, చేతులు వణుకుతున్నాయని, జుట్టు రాలుతోందని, మొహం ఉబ్బిందని చికాకుగా ఉంటే, మానేసి దాచకుండా చెప్పేయండి. డోసు సర్దడానికో వేరే మందుకి మార్చడానికో దారులు ఉంటాయి. మానేసిన సంగతి తెలియకపోతే డాక్టర్ తప్పు దారిలో వెతుకుతాడు.

బయాప్సీ అంటే భయపడొద్దు. కొత్త కిడ్నీ పొత్తికడుపులో ఒక పక్క, చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి సూది పెట్టడం పాత కిడ్నీకి పెట్టినంత కష్టం కాదు. చర్మం మొద్దుబార్చి, స్కాన్‌లో చూస్తూ తీస్తారు. ఆ తర్వాత కొన్ని గంటలు కదలకుండా పడుకోవడమే విసుగు.

అసలు జబ్బు తిరిగి రావడం వేరే కథ. మొట్టమొదట విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసింది. రిచర్డ్ హెరిక్‌కి కిడ్నీ ఇచ్చింది అచ్చంగా ఒకేలా ఉండే కవల సోదరుడు రోనాల్డ్, కాబట్టి రిజెక్షన్ ప్రసక్తే లేదు. ఆయన ఎనిమిదేళ్ళు బతికాడు, కానీ మొదట కిడ్నీలు పాడుచేసిన జబ్బే కొత్త కిడ్నీలోకీ వచ్చింది. ఎఫ్ఎస్‌జీఎస్, ఐజీఏ నెఫ్రోపతీ, మెంబ్రనస్ అనే కిడ్నీ జబ్బులు ఉన్నవాళ్ళు మూత్రంలో ప్రొటీన్ టెస్టుని మిగతావాళ్ళకంటే దగ్గర దగ్గరగా చేయించుకోవాల్సింది ఇందుకే. మీ పాత కిడ్నీలు ఏ జబ్బుతో పోయాయో తెలియకపోతే పాత ఫైళ్ళు తవ్వి చూడండి.

ఇన్ఫెక్షన్లు

100.4 ఫారన్‌హీట్ దాటిన జ్వరం మనకి ఇంట్లో చూసుకునే జ్వరం కాదు, అంతే. ఇంకో చిక్కు, స్టెరాయిడ్ జ్వరాన్ని కప్పేస్తుంది కాబట్టి జ్వరం లేకుండానే ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. దగ్గు, ఆయాసం, మూత్రంలో మంట, ఆకలి చచ్చిపోవడం కూడా జ్వరంతో సమానం.

మొదటి ఆరు నెలలు, ఏడాది దాకా సీఎంవీ వైరస్‌కి, ఒక రకం న్యుమోనియాకి ముందుజాగ్రత్త మాత్రలు ఇస్తారు. చాలామంది వాటిని ఆపాక హమ్మయ్య అనుకుంటారు, నిజానికి సీఎంవీ ఎక్కువగా బయటపడేది ఆ మాత్ర ఆపిన తర్వాత నెలల్లోనే. నీరసం, విరేచనాలు, తెల్లకణాలు తగ్గడం, ఇవి కలిసి వస్తే ఆ టెస్టు అడగండి.

బీకే వైరస్ గురించి చెప్పి తీరాలి. 1971లో మార్పిడి చేయించుకున్న ఒకాయన మూత్రంలో మొదటిసారి దొరికింది, ఆయన పేరులోని పొడి అక్షరాలే దానికి పేరు. మనలో చాలామందికి చిన్నప్పుడే వచ్చి కిడ్నీల్లో నిద్రపోతుంటుంది, మందులతో కాపలా తగ్గగానే లేస్తుంది. లక్షణాలేమీ ఉండవు, క్రియాటినిన్ పెరిగేసరికి కిడ్నీ కొంత దెబ్బతిని ఉంటుంది. అందుకే మొదటి నెలల్లో నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి, రెండేళ్ళ దాకా రక్తంలో దీని పీసీఆర్ (వైరస్‌ని పట్టే టెస్టు) చేయించమంటున్నారు. దీనికి ముఖ్యమైన వైద్యం రిజెక్షన్ మందులు తగ్గించడం. గమనించారా, రిజెక్షన్‌కి మందులు పెంచాలి, దీనికి తగ్గించాలి, క్రియాటినిన్ మాత్రం రెండింటిలోనూ ఒకేలా పెరుగుతుంది. ఫోన్‌లో అంకె చెప్పి "ఏం వేసుకోమంటారు?" అని అడగడం ఎందుకు పనికిరాదో దీంతో అర్థమవుతుంది.

టీబీ వస్తే మందులున్నాయి, కానీ రిఫాంపిసిన్ సంగతి పైన చెప్పాను, టాక్ డోసు చాలా పెంచాల్సి రావచ్చు లేదా రిఫాబ్యుటిన్‌కి మారుస్తారు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే నెఫ్రాలజిస్టుకి తెలియకుండా మందులు మొదలుపెట్టొద్దు.

టీకాల్లో బతికున్న వైరస్‌తో చేసినవి మనకి పడవు: ఎంఎంఆర్, చికెన్‌పాక్స్, ముక్కులో వేసే ఫ్లూ టీకా. ఏటా వేసే ఫ్లూ ఇంజెక్షన్, న్యుమోనియా టీకా, హెపటైటిస్ బి వేయించుకోవాలి. అక్కికి రీకాంబినెంట్ టీకా ఉంది, అది బతికున్న వైరస్ కాదు, అడగండి.

షుగర్, బీపీ, గుండె

కిడ్నీ గురించే కంగారుపడుతూ మనం గుండెను మర్చిపోతాం. కొత్త కిడ్నీ బాగా పనిచేస్తుండగానే పోయేవాళ్ళలో గుండె, రక్తనాళాల జబ్బులే పెద్ద కారణం. అంతకుముందు షుగర్ లేనివాళ్ళకి కూడా టాక్రోలిమస్, స్టెరాయిడ్ కలిసి షుగర్ తెప్పిస్తాయి. స్టెరాయిడ్ ఉదయం వేసుకుంటాం కాబట్టి పరగడుపు షుగర్ బాగుండి మధ్యాహ్నం, సాయంత్రం ఎగబాకుతుంది. ఉదయం ఒక్కటే చూసుకుని నాకేం లేదు అనుకునేవాళ్ళు ఇక్కడ దొరికిపోతారు. అప్పుడప్పుడు మధ్యాహ్నం తిన్న రెండు గంటలకి చూడండి. మార్పిడి అయిన మొదటి మూడు నెలల్లో షుగర్ మూడు నెలల సగటు టెస్టును (హెచ్‌బీఏ1సీ) పూర్తిగా నమ్మలేం, రక్తం కొత్తగా పడుతుంటుంది కదా.

బీపీ ఇంట్లోనే చూసుకోండి, 130/80 లోపు ఉండటం లక్ష్యం. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, మాట్లాడకుండా, రెండుసార్లు చూసి రాసుకోండి. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి పట్టీ కట్టొద్దు. ఏళ్ళ తరబడి రెండు మాత్రలతో ఆగిన బీపీ ఉన్నట్టుండి నాలుగింటికి కూడా లొంగకపోతే కొత్త కిడ్నీకి వెళ్ళే రక్తనాళం సన్నబడి ఉండొచ్చు, డాప్లర్ స్కాన్‌లో తెలుస్తుంది. ఉప్పు తగ్గించండి, పొగ మానేయండి, కొలెస్ట్రాల్ మాత్ర రాస్తే వేసుకోండి. ఈ మూడూ అందరికీ చెప్పేవే కాబట్టి పొడిగించను. బరువు మాత్రం మొదటి ఏడాదిలోనే పట్టుకోవాలి, డయాలసిస్ ఆంక్షలు పోయి, స్టెరాయిడ్ ఆకలి తోడై, నేను 11 కిలోలు పెరిగాను. దించడానికి మూడేళ్ళు పట్టింది.

ఎముకలు, చర్మం, ఇంకొన్ని

స్టెరాయిడ్‌తో ఎముకలు గుల్లబారతాయి, డాక్టర్ చెప్పినప్పుడు ఎముకల స్కాన్ చేయించండి. గజ్జల్లో నొప్పి పట్టుకుని నడిస్తే ఎక్కువవుతుంటే తుంటి కీలుకి రక్తం అందట్లేదేమో చూడాలి, ఎక్స్‌రేలో మొదట్లో కనిపించదు, ఎంఆర్ఐలో కనిపిస్తుంది. రక్తం తగ్గడమే కాదు, కొందరికి మార్పిడి తర్వాత రక్తం మరీ ఎక్కువవుతుంది, హిమోగ్లోబిన్ 17 దాటిందని సంతోషించొద్దు, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

క్యాన్సర్ మాట ఎవరూ ఎత్తరు. కాపలా తగ్గింది కాబట్టి కొన్ని రకాలు మామూలు జనం కంటే మనకి ఎక్కువగా వస్తాయి, ముఖ్యంగా చర్మానివి, లింఫ్ గ్రంథులవి. నెలకోసారి అద్దం ముందు ఒళ్ళంతా చూసుకోండి, వీపు ఇంట్లోవాళ్ళని చూడమనండి. నెల దాటినా మానని పుండు, రంగు మారుతున్న మచ్చ, మెడలోనో చంకలోనో కొత్త గడ్డ కనిపిస్తే చూపించండి. ఎండలో నిండు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్. ఆడవాళ్ళు గర్భాశయ ముఖద్వార పరీక్ష వదలొద్దు. పాత కిడ్నీలు లోపలే ఉంటాయి కదా, వాటిల్లో కూడా గడ్డలు వస్తాయి, కడుపు స్కాన్ చేసేటప్పుడు వాటినీ చూడమని చెప్పండి.

పిల్లలు కావాలనుకుంటే కనీసం ఏడాది ఆగాలి, కిడ్నీ నిలకడగా ఉండాలి. మైకోఫెనొలేట్ గర్భంలో బిడ్డకి హాని చేస్తుంది, గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం ఆరు వారాల ముందే డాక్టర్ దాన్ని వేరే మందుకి మార్చాలి. మార్పిడి అయ్యాక నెలల్లోనే నెలసరి తిరిగి మొదలై, అనుకోకుండా గర్భం వచ్చే వీలుంది, కాబట్టి ఈ మాట డిశ్చార్జ్ రోజే అడగాలి, సిగ్గుపడి వాయిదా వేయొద్దు.

వెంటనే బయల్దేరాల్సినవి

మూత్రం బాగా తగ్గిపోవడం, కొత్త కిడ్నీ ఉన్నచోట వాపు లేదా నొప్పి, జ్వరం, మందు లోపల నిలవనంత వాంతులు, ఆయాసం, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగి కాళ్ళు ఉబ్బడం, మూత్రంలో రక్తం. ఇవి అర్ధరాత్రి వచ్చినా ఉదయం దాకా చూద్దాం అనొద్దు. వెళ్ళేటప్పుడు నోటుబుక్, మందుల డబ్బా రెండూ సంచిలో వేసుకోండి, అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్ మిమ్మల్ని ఎప్పుడూ చూసి ఉండరు.

చివరిగా, కిడ్నీ ఏదో ఒకరోజు అలిసిపోవచ్చు. జీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే అంకె) 20 దగ్గరికి దిగుతున్నప్పుడే తర్వాత ఏమిటని మాట్లాడాలి, రెండో మార్పిడికి పేరు రాయించాలా, ఇంట్లో దాత ఉన్నారా, డయాలసిస్ అయితే ఏ రకం అని. ఆ దశలో "ఎలాగూ పోతోంది కదా" అని మందులు సొంతంగా ఆపేస్తే కొత్త యాంటీబాడీలు పుట్టి రెండో కిడ్నీ దొరకడం కష్టమవుతుంది. ఫిస్టులా ఇంకా పనిచేస్తుంటే ఆ చేతిలో రక్తం తీయనివ్వకండి, సెలైన్ ఎక్కించనివ్వకండి. నేను ఇప్పటికీ స్నానం చేసేటప్పుడు దాని మీద వేలు పెట్టి చూస్తాను, జుమ్మని కొట్టుకుంటూనే ఉంది.